నోటీసుబోర్డుకి నాలుగు వాక్యాలు

డీన్ గారు అడిగింది నాలుగే వాక్యాలు:
ఎక్కడ పుట్టానో, ఏం చదివానో,
ఏమంటే ఇష్టమో, పాఠం చెప్పడం ఎందుకిష్టమో.
కొత్తగా చేరేవాళ్ళు చూసుకోడానికి, ఫొటో పక్కన.
ఇరవై రెండేళ్ళుగా పరాయి వాక్యాలు దిద్దుతున్నదాన్ని
నా వాక్యం దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతున్నాను.

పుట్టింది ఇక్కడే,
సుపీరియర్ సరస్సు ఒడ్డున, ఇనుపరాయి రేవు నీడలో.
నాన్న టొయివో హెయిక్కినెన్, ఓడలు నింపేవాడు.
ఆదివారం చర్చికి తెల్లచొక్కా తొడిగినా
చెవి మడతల్లో ఎర్రదుమ్ము మిగిలే ఉండేది.
ఇంగ్లీషు చదవడం రాదు.
పొగమంచు బూర ఎప్పుడెప్పుడు మోగిందో
జేబు పుస్తకంలో అంకెలు వేసుకునేవాడు.
ఎందుకని అడిగితే
"మోగింది కదా, ఎవరో ఒకరు రాయాలి" అనేవాడు.
చరిత్ర అంటే ఏమిటని తర్వాతెప్పుడో పరీక్షలో అడిగారు.
ఇంతకంటే మంచి జవాబు నాకు తెలీదు,
అయినా ఇది రాయలేదు,
మార్కులు పోతాయని.

అమ్మ పక్కన చేపల షెడ్డులో
పదిహేడో ఏడు దాకా పొలుసు గీకాను.
గ్రంథాలయానికి తిరిగిచ్చిన పుస్తకంలో
ఒక పొలుసు అంటుకుపోయింది, నలభై మూడో పేజీలో.
మిస్ ట్రూడో ఆ పేజీని వెలుతురుకి పట్టి చూసింది.
జరిమానా చీటీ తీయలేదు.
"గుర్తు పెట్టుకున్నావన్నమాట" అంది.

డిగ్రీల సంగతి రాయాలి.
మధ్యలో పదకొండేళ్ళు స్కూలు బస్సు నడిపాను,
అది వద్దంటారేమో.
అద్దంలో ముప్పై తలలు కనిపెడుతూనే
రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఉండటం
ఆ డిగ్రీల్లో ఏదీ నేర్పలేదు.

ఇష్టాలు: అకార్డియన్, అధ్వాన్నంగా.
ఇంకా, పోయినవాళ్ళ సామాను వేలంలో
పెట్టె డాలరుకి దొరికే పాత ఉత్తరాలు.
ఎవరికీ ఏమీ కాని మనుషులవి.
పంటినొప్పి, బంగాళదుంపల ధర,
"ఆ పిల్లిని మాత్రం లోపలికి రానివ్వకు".
మా ఆయన లియోన్ ముక్కున వేలేసుకుని
గరాజు సగం వాటికి వదిలేశాడు.
కారు మంచులో ఉంటుంది.

మంగళవారం రాత్రి తరగతిలో
తలో ఉత్తరం పంచుతాను.
రాసిందెవరో చెప్పండి,
పేరు కాదు, మనిషిని.
హీటరు డబడబ కొట్టుకుంటుంది.
ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చిన మారిసెల్
బల్ల మీద తల వాల్చేస్తుంది,
నేను గొంతు తగ్గిస్తాను.
వెనక వరసలో డ్వేన్ లాప్రెరీ, వెల్డరు,
ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు,
ఈ కోర్సు లేనిదే సర్టిఫికెట్ రాదని కూర్చున్నవాడు,
ఆరు వారాలుగా నోరు విప్పనివాడు,
కాగితం తిరగేసి వెనకవైపు వేలితో తడిమాడు.
"ఈవిడ 'కానీ' అని రాసిన ప్రతిచోటా
కలం గట్టిగా నొక్కింది" అన్నాడు.
"మిగతా మాటలేవీ ఇటువైపు తగలడం లేదు."

మంచు తోసే బండి కిటికీ పక్కనుంచి వెళ్ళింది.
మారిసెల్ ఎప్పుడు లేచిందో,
కాగితం కోసం చెయ్యి చాపింది.

ఏప్రిల్లో ఒక రాత్రి సరస్సు మీద గడ్డ పగులుతుంది.
ఊరంతా పక్కల మీద లేచి కూర్చుని వింటుంది.
గాలి అటు తిరిగి ఉంటే కొన్నేళ్ళు వినపడదు.
పొద్దున చూస్తే నీళ్ళుంటాయి, అంతే.
నాకు టర్ముకి ఒక్కసారి వినపడితే చాలు.
ప్రతి టర్మూ వినపడిందని అబద్ధం చెప్పను.

డీన్ గారూ, నాలుగు ఎప్పుడో దాటాయి.
ఐలి అని రాసి, గది నంబరు వేయండి, నూట పద్నాలుగు.
కోటు తెచ్చుకోమనండి.

ఆ రాత్రి ఉత్తరాలు లెక్కపెట్టి పెట్టెలో సర్దితే
ఒకటి తగ్గింది.
డ్వేన్ చొక్కా జేబుకి గుండీ పెట్టుకోవడం
నేను చూశాను.
పెట్టె మీది అంకె కొట్టేసి
ఒకటి తక్కువ వేశాను.